ఛార్జర్ల చిక్కులు – సంఘముల కర్తవ్యము

ఎరువుల ధరలను గూర్చియో, అప్పుల వసూళ్లను గూర్చియో వ్రాయవలసిన ఈ పుటలలో సెల్‌ఫోను ఛార్జర్లను గూర్చి వ్రాయుచున్నందులకు కొందరు సభ్యులు నవ్వుకొనవచ్చును. వస్తువు చిన్నదే. కాని నేటి రైతు పనులలో ఎన్ని దానిపై నాధారపడియున్నవో లెక్కించి చూచినవారు నవ్వజాలరు. పి.ఎం. కిసాన్ సొమ్మునకు ఇ-కె.వై.సి. చేయించుకొనవలెనన్నను, బ్యాంకువారు పంపు ఓటీపీ చూడవలెనన్నను, ఇంటనుండియే సెల్ స్టార్టరుతో మోటారు వేయవలెనన్నను ఫోనులో ఛార్జి యుండవలెను. ఫోను ఒక్కటియే కాదు. రాత్రివేళ నీరు పెట్టబోవువాని తలలైటు, మందుకొట్టు బ్యాటరీ స్ప్రేయరు, కుఱ్ఱవాండ్ర పవర్‌బ్యాంకు, ఇవి యన్నియు ఛార్జరు నోటికి ఎదురుచూచుచుండునవే. పాము తిరుగు గట్టుమీద లైటు ఆరిపోయినవానికి ఇది చిన్న సంగతియని మేము చెప్పలేము.

గడచిన పంటకాలమున మా సంఘ కార్యాలయమున జరిగిన దొకటి విన్నవించెదము. సభ్యుల వేలిముద్రలు తీసికొనుటకు మావద్ద నొక ట్యాబు కలదు. దానితో వచ్చిన ఛార్జరు చెడిపోగా, మా గుమాస్తా సంతలో నొకటి కొని తెచ్చెను. పిన్ను చక్కగా దూరినది. తెరపై ఛార్జి యెక్కుచున్న గుర్తు వచ్చినది. ఆయన నిశ్చింతగా పని సాగించెను. కాని గుర్తు వచ్చుటయే గాని బ్యాటరీ అంకె గంటగంటకు తగ్గుచునే యుండెను. మధ్యాహ్నమునకు ట్యాబు ఆరిపోయినది. వరుసలో నిలిచియున్న సభ్యులు మరల రావలసినవారైరి. వారిలో నొక ముసలమ్మ ఆటోకు సొమ్మిచ్చుకొని పొరుగూరినుండి వచ్చినది. ఆమెకు మేమేమి సమాధానము చెప్పగలము? మరునాడు ఒక సభ్యుని కుమారుడు తన ల్యాప్‌టాప్ ఛార్జరు తెచ్చి తగిలింపబోగా, అంత పెద్దది పెట్టినచో ట్యాబు కాలిపోవునని గుమాస్తా అడ్డుపడెను. ఆ కుఱ్ఱవాడు వినక పెట్టెను. కాలలేదు సరికదా, భోజనమునకు పోయి వచ్చులోపల చాలవరకు నిండినది.

మొదటిదాని విషయమున నిశ్చింత, రెండవదాని విషయమున భయము, రెండును పొరపాట్లే. ఈ రెండు పొరపాట్లును మన గ్రామములలో ప్రతి యింటను కలవు.

వెనుకటి సంగతి కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొందము. సెల్‌ఫోనులు పల్లెలకు వచ్చిన తొలిదినములలో నోకియా ఫోనులకే లావుపిన్నని, సన్నపిన్నని రెండు విధములుండెడివి. తక్కిన కంపెనీలకు ఎవరి పిన్ను వారిది. పెండ్లికి పోయినచోట ఫోను ఆరిపోయిన, మన పిన్నుగలవానికొరకు పందిరియంతయు వెదకవలసి వచ్చెడిది. 2009 నాటికి ఐరోపా ఖండమున ముప్పది రకముల ఛార్జర్లుండెనని అచ్చటి కమిషనువారు చెప్పిరి. ఆ యేడు వారు ఫోను తయారీదారులను కూర్చుండబెట్టి, మైక్రో యు.ఎస్.బి. యను చిన్న పిన్నుకు ఒప్పించిరి. అది ఒప్పందమే గాని శాసనము గాదు. ఆపిల్ కంపెనీవారు 2012లో తమ సొంతపు లైట్నింగ్ పిన్నును తెచ్చిరి. 2014లో సి-పిన్ను ప్రమాణము వెలువడినది. తలక్రిందుగా పెట్టినను, సరిగా పెట్టినను దూరుట దీని గుణము. చీకటిలో పెట్టుకొనువారికి ఇది యెంత మేలో చెప్పనక్కరలేదు.

తుదకు ఐరోపావారు 2022లో శాసనమే చేసి, 2024 డిసెంబరు 28 మొదలు తమ దేశములలో అమ్ము ఫోనులు, ట్యాబులు, కెమెరాలు, చెవియంత్రములు మున్నగువానికి సి-పిన్ను తప్పనిసరి చేసిరి. ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 గడువు పెట్టిరి. ఆపిల్ కంపెనీవారును 2023 సెప్టెంబరులో దారికి వచ్చిరి. మనదేశమున భారతీయ ప్రమాణముల సంస్థవారు 2023 జనవరిలో సి-పిన్నుకు ప్రమాణమును ప్రకటించిరి. వెనుక పుట్టి, మణుగు, శేరు అని జిల్లాకొక కొలతగానున్న తూనికలను 1956 శాసనము కిలోగ్రాముకు తెచ్చినట్లే యిదియు మంచిమార్గమే యని మా యభిప్రాయము.

అయినను చిక్కు తీరలేదు. అసలు చిక్కు ఇప్పుడే మొదలైనదనవచ్చును. ముందు పిన్ను దూరనందున అది మనది కాదని తెలిసెడిది. ఇప్పు డన్నియు దూరుచున్నవి. విత్తనపు సంచులన్నియు ఒకే రంగున కుట్టినంతమాత్రమున లోపలి విత్తు ఒకటి యగునా? పిన్ను సంచివంటిది. లోపలిది వేరుగా చూచుకొనవలెను.

లోపలి సంగతి రైతులకు తెలియని విద్య కాదు. వోల్టు అనునది చెరువులోని నీటిమట్టము వంటిది. ఆంపియరు అనునది కాలువలో పారు నీటి పరిమాణము వంటిది. రెంటిని గుణించిన వచ్చునది వాట్లు. ఛార్జరు వీపుమీద సన్నని యక్షరములలో "అవుట్‌పుట్" అనుచోట ఈ యంకెలు వ్రాసియుండును. 5 వోల్టులు, 1 ఆంపియరు అని యున్నచో 5 వాట్లు. 5 వోల్టులు, 3 ఆంపియర్లైన 15 వాట్లు. మా గుమాస్తా తెచ్చినది మొదటి జాతిది. దానికి తోడు వైరు మిక్కిలి సన్నము. బోదె యిరుకైనచో చివరిమడికి నీరందనట్లు, సన్నని వైరులో కొంత శక్తి వేడియై పోవును. వచ్చిన కొంచెమును తెర వెలుగునకును, వేలిముద్ర యంత్రమునకును చాలక బ్యాటరీనుండియే తీసికొనవలసి వచ్చెను. గుర్తు అబద్ధమాడలేదు, ఛార్జి వచ్చుచునే యున్నది, ఖర్చు దానిని మించినది.

ఇక పెద్ద ఛార్జరు చిన్న ఫోనును కాల్చునను భయము. ప్రమాణమునకు లోబడి చేసిన సి-పిన్ను ఛార్జరు మొదట 5 వోల్టులకు మించి యీయదు. ఫోనును ఛార్జరును వైరుగుండా సంభాషించుకొనును. ఫోను 9 వోల్టులు కోరి, ఛార్జరు ఈయగలిగినదైనచో అప్పుడే మట్టము పెరుగును. ల్యాప్‌టాపైన 20 వోల్టులు కోరును. ఆంపియర్లు సైతము పుచ్చుకొనువాడు తీసికొన్నంతయే పోవును. చెరువు పెద్దదైనంతమాత్రమున చిన్నమడి కొట్టుకొనిపోదు, తూము మన చేతిలో నున్నది గనుక. కావున 65 వాట్ల మంచి ఛార్జరు ఇంట నొకటి యున్నచో ల్యాప్‌టాపు మొదలు చిన్నఫోను వరకు దానితోనే గడపవచ్చును.

కాని యా సంభాషణకు భాష ఒక్కటి కావలెను గదా! అందరికి సామాన్యమైన భాష యు.ఎస్.బి. పవర్ డెలివరీ, క్లుప్తముగా పి.డి. అనునది. కొన్ని ఫోను కంపెనీలవారు దీనితోబాటు, లేక దీనికి మారుగా, తమ సొంతభాష పెట్టుకొనిరి. అట్టి ఛార్జరు పెట్టెమీద పెద్ద యంకె వేసియుండును. ఆ యంకె ఆ కంపెనీ ఫోనుకు, ఆ కంపెనీ వైరుకు మాత్రమే. పొరుగు కంపెనీ ఫోనుకు తగిలించిన, భాష తెలియక మాటాడని యిద్దరు బాటసారులవలె 5 వోల్టుల సాధారణపు వేగముననే నడచును. చెడుపు లేదు గాని, పెద్ద యంకెకు పెట్టిన సొమ్ము వృథా. ఐరోపా శాసనము 15 వాట్లకు మించి వేగముగా ఛార్జి పుచ్చుకొను వస్తువులు పి.డి. భాషను తప్పక యెరిగియుండవలెనని విధించినది. పిన్నుకంటె ఈ షరతే గొప్పదని మేము తలచుచున్నాము.

వైరుల సంగతియు నిట్టిదే. రెండువైపుల సి-పిన్నుగల సాధారణపు వైరు 3 ఆంపియర్లు మోయును. 5 ఆంపియర్లు మోయుటకు లోపల నొక చిన్న చిప్పు ఉండితీరవలెను. చూపునకు రెండును కవలలు.

మన రైతులను ఎక్కువ ఏడిపించునది తలలైటు. క్రొత్తగా వచ్చు చౌకరకపు లైట్లకు సి-పిన్ను రంధ్రము పెట్టుచున్నారు. కొన్న రైతు ఫోనుకు వచ్చిన రెండువైపుల సి-పిన్ను వైరు పెట్టును, వెలుగదు, ఎక్కదు. లైటు చెడినదని దుకాణమునకు పోయి తగవులాడును. దుకాణదారు లైటుతో వచ్చిన పొట్టివైరును పాత వెడల్పునోటి ఛార్జరుకు తగిలించి చూపును, చక్కగా ఎక్కును! ఇద్దరిలో నెవ్వరును అబద్ధికులు గారు. సి-పిన్ను ఛార్జరు తన యెదుట వస్తువున్నదని తెలిసినగాని కరెంటు విడువదు. ఆ తెలుపుటకు వస్తువులోపల 5,100 ఓముల నిరోధకములు రెండు పెట్టవలెను. ఆ చిల్లర ఖర్చుకు వెనుదీసి తయారీదారు వానిని మానివేసెను. పాత వెడల్పునోటి ఛార్జరు అడుగక ముందే కరెంటు విడుచునది గనుక దానితో పనిజరుగును. అందుచేత అట్టి లైటున్నవారు పాత ఛార్జరును పారవేయవలదు. ఇంత చిన్న లోపమునకు రైతు రాత్రి చీకటిలో నడువవలసివచ్చుట మాకు మిక్కిలి ఆగ్రహము కలిగించుచున్నది.

ఇంతవరకు చెప్పినవి కాలహరణము, ధనవ్యయము. స్ప్రేయరు విషయము ప్రాణాపాయము. వానికి సి-పిన్ను ఉండుట యరుదు. గుండ్రని పిన్ను ఉండును. ఈ గుండ్రని పిన్నుకు సంభాషణ లేదు. 5 వోల్టులది, 9 వోల్టులది, 12 వోల్టులది, 19 వోల్టులది, అన్నియు నొకే రూపున ఉండవచ్చును. ఎన్ని యున్నచో అన్నియు నెత్తిన పోయును. పాత స్ప్రేయర్లలో 12 వోల్టుల సీసపు బ్యాటరీ యుండును. దాని ఛార్జరు 14 వోల్టులకు పైగా ఇచ్చును. క్రొత్త తేలికరకములలో లిథియము బ్యాటరీలు వచ్చుచున్నవి. మూడు గళ్ల లిథియము బ్యాటరీకి 12.6 వోల్టులు మించరాదు. సీసపు బ్యాటరీ ఛార్జరు తెచ్చి దీనికి తగిలించినచో, లోపలి రక్షణపలక పనిచేసిన సరి, లేనిచో ఉబ్బి మంట లేచును. ఇంటిలో నిద్రించుచోట, గడ్డివాము చెంత దీనిని ఛార్జి పెట్టువారిని మేము చూచియున్నాము. దయచేసి మానవలెను. అన్నదమ్ముల రెండు స్ప్రేయర్లు ఒకే కొట్టులో నున్నచో, ఛార్జరుకును యంత్రమునకును ఒకే రంగు గుర్తు వేసికొనుడు. చదువురాని కూలివానికిని అది తెలియును.

"కంపెనీ ఛార్జరే కొనవలెను, మరియొకటి ముట్టరాదు" అని కొందరు హితవు చెప్పుదురు. స్ప్రేయరు విషయమున అది సరియే. ఫోను విషయమున అది కంపెనీకి హితవు గాని రైతుకు గాదు. ఇంటనున్న ఆరు వస్తువులకు ఆరు ఛార్జర్లు కొనుటకు ప్రమాణములెందులకు? పెట్టెలో ఛార్జరు ఇచ్చుట 2020 మొదలు కొన్ని పెద్ద కంపెనీలు మానివేసినవి. ఇంట నొకటి యుండనే యున్నదిగదా యని వారి వాదము. ఉన్నది పనికివచ్చునదైననే యా వాదము చెల్లును.

అట్లని సంతలో దొరకు ప్రతిదియు కొనవలదు. ఫోను ఛార్జర్లకు మనదేశమున భారతీయ ప్రమాణముల సంస్థవద్ద నమోదు తప్పనిసరి. వస్తువుమీద గుర్తును, ఆర్ అక్షరముతో మొదలగు సంఖ్యయు నుండవలెను. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో కొట్టి చూచిన నిజమో, కల్లయో తెలియును. గుర్తు అచ్చువేయుట సులభము, సంఖ్య కుదుర్చుట కష్టము.

ఇక సంఘముల సంగతి. ఎరువులు, విత్తనములు టోకున తెచ్చి సభ్యులకిచ్చు సంఘము, నమ్మదగిన ఒక్క రకము పి.డి. ఛార్జరును, ఒక్క రకము వైరును తెచ్చి డిపోలో నుంచుటకు అడ్డేమి? పెట్టుబడి కొంచెము, చెడిపోవు సరకు గాదు. ఒక్కొక్క రైతు దుకాణదారునితో తగవులాడుటకంటె, సంఘము పేరున స్ప్రేయరు అమ్మకందారునకు, లైటు తయారీదారునకు లేఖ వ్రాసిన విలువ యెక్కువ. "రెండువైపుల సి-పిన్ను వైరుతో ఎక్కని లైటును మా డిపోలో నుంచము" అని నాలుగు సంఘములు కూడి చెప్పినచో, ఆ రెండు నిరోధకములు వానియంతట అవియే వచ్చి చేరును.

మా పాలకవర్గమువారు ఇందులకు ఇంకను పూర్తిగా సమ్మతింపలేదు. "మనది పరపతి సంఘమా, సెల్‌ఫోను కొట్టా?" యని యొక పెద్దలు ప్రశ్నించిరి. ఆయన ఫోనుకు ఇప్పటికిని చిన్న పిన్నే. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టనున్నాము. సభ్యులు తమ యింట పనిచేయని ఛార్జర్లను, వైరులను, ఎక్కని లైట్లను వెంట తీసికొని రాగోరెదము. కార్యాలయమున నొక మంచి ఛార్జరు పెట్టి, ఏది నిజముగా చెడినదో, ఏది భాష కుదరక మూలబడినదో అక్కడనే పరీక్షించి చూపగలము. చెడినవానిని చెత్తకుప్పలో వేయక ఒక పెట్టెలో చేర్చి, అనుమతిగల ఇ-వ్యర్థముల వారికి పంపు ఏర్పాటు చేయుచున్నాము. స్ప్రేయరు తెచ్చువారు దాని ఛార్జరును మరువక తేవలెను.