నిండిన నోటుబుక్కు చదువుకు సాక్ష్యం కాదు

ఒకటి, రెండు తరగతుల చదువు గురించి తెలుగునాట బలంగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. కథలు, పాటలు, కార్డులు, పుల్లలతో లెక్కలు అన్నీ కాలక్షేపమని, పుస్తకంలో పడ్డ రాతే అసలు చదువని దాని సారాంశం. వారం చివర తల్లిదండ్రులు తిరగేసేవి నోటుబుక్కులే. ఎన్ని పేజీలు నిండాయి, ఎన్ని ఎర్ర టిక్కులు పడ్డాయి, డైరీలో హోంవర్క్ ఎంత ఉందన్న లెక్కను బట్టే బడి మంచిచెడ్డలు తేలతాయి. ప్రైవేటు బడులు ఈ కొలతకు తగ్గట్టే ఎల్‌కేజీ నుంచి చూచిరాతను పెంచుకుంటూ పోతాయి. సర్కారు బడిలో పిల్లలు గుండ్రంగా కూర్చుని గింజలు లెక్కపెడుతుంటే, అక్కడ చదువు చెప్పడం లేదన్న మాట ఊళ్లో పుడుతుంది. ఈ అభిప్రాయం పరీక్షకు నిలవదు. ఆరేడేళ్ల పిల్లలకు సరిగ్గా ఎంచుకున్న కృత్యమే పాఠం. పనిలా కనిపించే చూచిరాతలో చాలా భాగం ఖాళీ సమయం.

నిండిన పేజీ ఏం చెబుతుందో ముందు చూడాలి. క గుణింతం పదిసార్లు రాసుకురమ్మంటే చాలామంది పిల్లలు అడ్డంగా రాయరు. పేజీ పొడవునా పది 'క'లు దించి, పక్కన పది 'కా'లు, ఆ పక్కన పది 'కి'లు దించుకుంటూ పోతారు. వంద వరకు అంకెలూ అంతే. ముందు ఒకట్ల స్థానాన్ని పైనుంచి కిందికి నింపి, తర్వాత వాటి ఎడమ పక్కన ఒక వరుసకు రెండ్లు, ఇంకో వరుసకు మూడ్లు పెడతారు. ఇందులో పిల్లలను తప్పుపట్టడానికేమీ లేదు. అర్థంలేని పనిని త్వరగా వదిలించుకునే తెలివి అది. పేజీ మాత్రం తప్పుల్లేకుండా నిండుతుంది, టిక్కు పడుతుంది. అదే పిల్లవాడికి 'ఇరవై ఐదు' అని చెప్పి పలక మీద రాయమంటే 205 అని రాయవచ్చు. ఇరవైకి 20, ఐదుకు 5; విన్నది విన్నట్టే రాశాడు. స్థానవిలువ తెలియలేదన్న సంగతిని నిండిన పేజీ దాచిపెట్టింది. ఇరవై ఐదు పుల్లలను పదేసి కట్టలుగా కట్టి చూపమంటే ఆ సంగతి అక్కడికక్కడే బయటపడేది, దిద్దడమూ అక్కడే మొదలయ్యేది.

వల్లెవేత సంగతీ ఇలాంటిదే. వర్ణమాల గడగడా అప్పజెప్పే పిల్లల ముందు 'ణ' ఒక్కటే ఉన్న కార్డు పెడితే, కొందరు 'ట ఠ డ ఢ' అంటూ లోలోపల వరస నడిపించుకుని గాని దాన్ని పలకలేరు. వాళ్లకు వచ్చింది వరస. చదవడానికి కావలసిందేమో అక్షరం ఏ చోట ఎదురైనా చూడగానే పలకగలగడం. కార్డులు కలిపి పంచడం, నేల మీద రాసిన అక్షరాల్లో చెప్పినదాని మీదికి గెంతడం, ఒకే అక్షరంతో మొదలయ్యే వస్తువులను ఏరడం లాంటి ఆటలు ఆ వరసను కావాలనే చెదరగొడతాయి. ఆట అని తీసిపారేసే పనిలో ఇంత లెక్క ఉంది.

రాస్తేనే గుర్తుంటుందన్నది రాతే అసలు చదువన్న వాదానికి ప్రధాన ఆధారం. ఇందులో సగం నిజముంది. అక్షరం ఆకారం చేతికి అలవాటు కావడానికి కొంత చూచిరాత తప్పదు. చేతిరాత కుదురుకోవడానికీ అది కావాలి. అయితే నమూనా కళ్లముందే ఉన్నప్పుడు పిల్లవాడు దేన్నీ గుర్తుతెచ్చుకోనక్కర్లేదు. గుర్తుతెచ్చుకునే శ్రమ లేనిచోట జ్ఞాపకం గట్టిపడదు. పిల్లవాడు విన్న మాటనో, తాను అనుకున్న మాటనో చూడకుండా రాసేటప్పుడు మాటను ధ్వనులుగా విడదీసుకోవాలి, హల్లు తేల్చుకోవాలి, దానికి ఏ గుణింతపు గుర్తు పెట్టాలో తేల్చుకోవాలి. తప్పుగా రాసినా ఆ తప్పు ఉపాధ్యాయుడికి దారి చూపిస్తుంది. పది వరుసల చూచిరాతలో తప్పుండదు కాబట్టి దారీ కనిపించదు.

తెలుగు లిపి స్వభావం ఈ మాటకు మరింత బలమిస్తుంది. 'ఎద్దు' అన్న మాటలో ఉకారం వినపడేది రెండు దకారాల తర్వాత. రాతలో కొమ్ము పై దకారానికి తగులుతుంది, రెండో దకారం ఒత్తుగా కిందికి దిగుతుంది. చెవికి వినిపించే వరస, కంటికి కనిపించే వరస ఇక్కడ వేర్వేరు. చాలామంది పిల్లలు 'ఎదు' అని గాని, 'ఎదుదు' అని గాని రాయడానికి కారణం ఇదే, అజాగ్రత్త కాదు. ద ఒత్తును యాభైసార్లు దింపినంత మాత్రాన ఈ ముడి విడదు. మాటను చప్పట్లతో విడగొట్టి పలకడం, 'ఎద', 'ఎద్ద', 'ఎద్దు' అని నోటితో మార్చి చూడటం, హల్లు, గుణింతపు గుర్తు, ఒత్తు వేర్వేరు ముక్కలుగా ఉన్న కార్డులతో మాటను కట్టడం వల్ల విడుతుంది. అక్షరమాల మొత్తం, ఆపైన గుణింతాలన్నీ, చివరికి ఒత్తులు వచ్చాకే మాటలు చదవనివ్వాలన్న పాత క్రమంలో ఇంకో చిక్కుంది. పిల్లలు అర్థమున్న వాక్యాన్ని చూడటానికి నెలలు పడుతుంది. ప్రభుత్వ వాచకాలు ఈ క్రమాన్ని వదిలి, బొమ్మ నుంచి మాటకు, మాట నుంచి అక్షరానికి వెళ్లే దారి పట్టి చాలాకాలమైంది. ఇళ్లలో అంచనాలు మాత్రం పాత క్రమం దగ్గరే ఆగిపోయాయి.

కృత్యాలతో సిలబస్ పూర్తికాదన్నది రెండో అభ్యంతరం. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకు నాలుగు గంటలు, ఆరు రోజుల వారానికి 24 గంటలు. అదే చట్టం ప్రాథమిక స్థాయిలో ముప్పై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడుండాలన్న నిష్పత్తి పెట్టింది. ముప్పై మందిలో ప్రతి ఒక్కరి చేత వారానికి మూడు నిమిషాల చొప్పున విడిగా చదివించినా పట్టేది 90 నిమిషాలు, వారంలో పదహారో వంతు. కాబట్టి సమయం లేదనడం కుదరదు. బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోవడానికి, ఎక్కించుకున్నది దిద్దడానికి, డైరీ నింపడానికి పోయే సమయాన్ని లెక్కవేయకుండా, కథ చెప్పిన ఇరవై నిమిషాలను మాత్రం వృథా ఖాతాలో రాయడంలోనే పొరపాటుంది. పైగా పుస్తకంలో పాఠం అయిపోవడం వేరు, అది పిల్లలకు రావడం వేరు. పిల్లల చదువు స్థాయిని కొలిచే 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. మిగతావాళ్లకూ రెండేళ్ల సిలబస్ అయిపోయింది.

ఈ పద్ధతులు విదేశీ మోజు అన్న విమర్శకూ ఆధారం లేదు. చింతగింజలతో వామనగుంటలు, గవ్వలతో అష్టాచెమ్మా ఆడే పిల్లలు తెలుగు ఊళ్లలో బడికి రాకముందే లెక్కపెట్టడం, పంచడం, ముందుచూపుతో గడులు దాటడం నేర్చేవారు. బడి చేయాల్సిందల్లా ఆ అనుభవాన్ని అంకెలతో కలపడం. ఇది ప్రభుత్వాలు కొత్తగా కనిపెట్టిన సరదా కూడా కాదు. పిల్లల మీద చదువు భారం గురించి యశ్‌పాల్ కమిటీ 1993లోనే నివేదిక ఇచ్చింది. కృత్యాలు, అన్వేషణల ద్వారా నేర్పాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెప్పింది. ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ ఇవ్వకూడదని, సంచి బరువు 1.5 కిలోలు మించకూడదని 2018లో కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసింది. 2021లో నిపుణ్ భారత్, 2022లో తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమాలు ఆ బాటలోనే వచ్చాయి. ఇన్నేళ్లుగా ఇంత స్పష్టంగా ఉన్న మాటను డైరీలోని హోంవర్క్ రోజూ కొట్టిపారేస్తూనే ఉంది.

ఇదంతా ఒకసారి చేసి చూశారు, ఫలించలేదన్నది ఎదుటివాదంలో బలమైన అభ్యంతరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ సాయంతో 1980లలో ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. చేస్తూ నేర్చుకోవడం, వ్యక్తిగత, జట్టు, తరగతి పనులను కలపడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం దాని సూత్రాలు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, వాళ్లు కలుసుకునే కేంద్రాలు నడిపారు. ఆ ఊపు అన్ని బడుల్లోనూ నిలవలేదన్నది నిజమే. కానీ దెబ్బతిన్నది సూత్రం కాదు, నిర్వహణ. ఒక్క ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను ఒకే గదిలో నడిపేచోట, అందరికీ ఒకేసారి ఒకే కృత్యం చేయించమనడం కుదిరే పని కాదు. తనిఖీ రోజున మాత్రమే బీరువాలోంచి బయటికొచ్చే బోధనోపకరణాలు ఏ పిల్లవాడికీ ఏమీ నేర్పవు.

ఈ చిక్కుకు జవాబు కూడా తెలుగు నేల మీదే దొరికింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని కార్డులుగా విడగొట్టి, ఆ కార్డులను నిచ్చెన మెట్ల వరసలో అమర్చింది. ప్రతి మెట్టులో పరిచయం, అభ్యాసం, పరీక్ష, వెనకబడితే మళ్లీ అభ్యాసం ఉంటాయి. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో పిల్లలే చూసుకుని కార్డు తీసుకుంటారు. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉండటం ఇక్కడ అడ్డంకి కాలేదు. 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవన కోటెలో మొదలైన నలికలి అనే బోధనా పద్ధతి, 2003 నుంచి చెన్నై నగరపాలక బడుల్లో వచ్చిన కృత్యాధార పద్ధతి ఈ నమూనా నుంచే ఎదిగాయి. ఇవీ లోపాల్లేనివి కావు. కార్డులు పాతబడి మార్చకపోతే, నిచ్చెన ఎక్కించడమే లక్ష్యమైతే, ఇక్కడా యాంత్రికత వస్తుంది. అయితే ఆ లోపం దిద్దాలంటే కృత్యాన్ని మెరుగుపరచాలి. చూచిరాతకు తిరిగిపోతే అదేమీ దిద్దుకోదు.

కృత్యం పేరుతో జరిగే ప్రతిదీ కృత్యం కాదన్నది కూడా ఒప్పుకోవాలి. పసుపురంగు బట్టలు వేయించి ఫోటోలు తీసే రోజు, అమ్మానాన్నలు రాత్రి మేలుకుని చేసే థర్మోకోల్ ప్రాజెక్టు, ఒకరు ఆడుతుంటే నలభై మంది చూస్తూ కూర్చునే ఆట ఈ కోవలోవే. వీటిని విమర్శించేవాళ్లది న్యాయమే. ఒక పని కృత్యమా కాదా తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. పని చేస్తున్నది పిల్లవాడేనా? దాన్ని పూర్తిచేయాలంటే ఆలోచించాల్సిందేనా? అది చూశాక వాడికి ఏం వచ్చిందో, ఏం రాలేదో ఉపాధ్యాయుడికి తెలుస్తుందా? గింజల ఆట ఈ మూడింటికీ నిలుస్తుంది. రంగుబట్టల రోజు నిలవదు. గుణింతం చూచిరాతా నిలవదు.

కృత్యాలను ఒక్క శనివారానికి పరిమితం చేయడం కూడా ఇదే కారణంగా సరిపోదు. సంచి లేని శనివారం పిల్లల వీపుకు హాయినిస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఐదు రోజులు చూచిరాత, ఆరో రోజు ఆట అన్న విభజన ఆటను చదువు నుంచి సెలవుగానే చూస్తోంది. ఖండించాల్సిన అభిప్రాయం అక్కడ చెక్కుచెదరకుండా ఉంది.

వారమంతా పాఠం ఒకే దారంలో నడిస్తే ఏమవుతుందో కుండలో రాళ్లు వేసి నీళ్లు తాగిన కాకి కథతో చూడవచ్చు. సోమవారం ఉపాధ్యాయురాలు కథ చెబుతుంది. పిల్లలు తమ యాసలో తిరిగి చెబుతారు, ఆడి చూపిస్తారు. మంగళవారం కథలోంచి కాకి, కుండ అన్న మాటలు బోర్డెక్కుతాయి. 'కా', 'కి', 'కు' అన్న మూడు గుణింతాలు ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి. పిల్లలు అవే ధ్వనులున్న మాటలు ఇంటి నుంచి, వీధి నుంచి ఏరుకొస్తారు. బుధవారం కార్డులతో మాటలు కడతారు. అప్పుడు కొద్దిపాటి చూచిరాతకూ చోటుంది, ఎందుకంటే రాసేది ఇప్పుడు తెలిసిన మాట. గురువారం కథకు బొమ్మ గీసి కింద ఒకటి రెండు వాక్యాలు సొంతంగా రాస్తారు. లెక్కల పీరియడ్లలో కాకి వేసిన రాళ్లు పదేసి కుప్పలవుతాయి. పదమూడు రాళ్లు వేశాక ఇంకా ఏడు కావాలంటే మొత్తం ఎన్నో వేళ్ల మీద, గింజల మీద, చివరికి అంకెల్లో తేలుతుంది. శుక్రవారం ఉపాధ్యాయురాలు ఒక్కొక్కరి చేత చదివిస్తుంది. శనివారం తడబడినవాళ్లు ఆమె దగ్గర చిన్న జట్టుగా కూర్చుంటే, మిగతావాళ్లు చదివే మూలలో కథల పుస్తకాలు తీస్తారు. సోమవారం నేర్చింది గురువారానికి కనీసం మూడుసార్లు, ప్రతిసారీ కొత్త పనిలో ఎదురైంది. గట్టిపడటానికి కావలసిన పునరభ్యాసం అదే. ఒకేసారి కూర్చోబెట్టి రాయించిన పది వరుసలు అది ఇవ్వలేవు.

ఇక మిగిలింది తల్లిదండ్రుల ప్రశ్న: పేజీలు చూడకపోతే దేన్ని చూడాలి? వాళ్లు లెక్క అడగడం న్యాయమే, అడిగే లెక్క మారాలి. బడి వారానికొకసారి ఇంటికి పంపాల్సింది పిల్లవాడు ఇప్పుడు ఏమి చేయగలడో చెప్పే నాలుగు ముక్కలు: ముందెప్పుడూ చూడని ఏ మాటలు చదవగలిగాడు, చూడకుండా ఏ వాక్యం రాశాడు, ఎంతవరకు అంకెలను పదులు, ఒకట్లుగా విడదీయగలడు, ఎక్కడ సాయం కావాలి. పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. దుకాణం బోర్డు మీది మాట చదివించడం, ఇరవై రూపాయలిచ్చి పదిహేడు రూపాయల వస్తువుకు చిల్లర ఎంత రావాలో అడగడం చాలు. వీటికి జవాబు చెప్పగలిగిన పిల్లవాడి నోటుబుక్కులో సగం పేజీలు తెల్లగా ఉన్నా ఆ వారం వృథా కాలేదు. చెప్పలేకపోతే ఎన్ని పేజీలు నిండినా ఆ వారం పాఠం మళ్లీ చెప్పాల్సిందే.