గుడ్డులో తెలుపు, కంటిలో తెలుపు

పచ్చి గుడ్డు పగలగొడితే పచ్చసొన చుట్టూ ఉండేది తేటగా ఉంటుంది కదా! దాన్ని తెల్లసొన అంటాం గానీ, పెనం మీద పడేదాకా అందులో తెలుపే లేదు. మనమేమీ రంగు కలపలేదే, మరి ఆ తెలుపు ఎక్కణ్ణించి వచ్చింది?

తెల్లసొనలో నూటికి 90 పాళ్ళ దాకా నీరే. మిగతాది చాలావరకు మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు. ఇవి కంటికి ఆననంత చిన్న ఊలు ఉండల్లా విడివిడిగా ఉంటాయి. అంత చిన్నవి గనుక వెలుతురుకి అడ్డం రావు. వేడి 60 డిగ్రీలు దాటిందా, ఉండలు విప్పుకుని ఒకదానితో ఒకటి చిక్కుపడి ముద్దలవుతాయి. వాటికి తగిలిన వెలుతురు అన్ని వైపులకీ చెదిరిపోతుంది. మనకి తెలుపుగా కనబడేది అదే. పటికబెల్లం పలుకు తేటగా ఉన్నా, దంచితే తెల్లటి పొడి అవడం లేదూ! పాల తెలుపూ ఇలాంటిదే. కొవ్వు బొట్లు, కేసీన్ అనే ప్రోటీన్ గుంపులు వెలుతురుని చెదరగొడతాయి. వెన్న తీస్తే చిన్న గుంపులే మిగులుతాయి. అవి నీలి వెలుతురుని ఎక్కువ చెదరగొడతాయి గనుక ఆ పాలు కాస్త నీలంగా అగుపిస్తాయి.

ఇంట్లో పెద్దవాళ్ళకి వచ్చే శుక్లం కూడా ఇదే తంతు. కాకపోతే పొయ్యి అక్కర్లేదు. కంటిపాప వెనక ఉండే కటకం నిండా ప్రోటీన్లే. దాని నడిమి భాగంలోవి మనం పుట్టకముందు తయారైనవి, జీవితాంతం అవే. వయసు, ఎండ, చక్కెర జబ్బు, పొగ తాగడం వీటివల్ల అవి ఏళ్ళ తరబడి నెమ్మదిగా గుంపు కడతాయి. కటకం కొందరికి తెల్లగా మసకబారుతుంది, కొందరికి పసుపు తిరిగి, ముదిరితే గోధుమరంగుకి వస్తుంది.

ఉడికిన గుడ్డుని వంటింట్లో మళ్ళీ పచ్చిది చేయగలమా? శుక్లాన్ని కరిగిస్తుందని రుజువైన చుక్కల మందు కూడా ఇంతవరకు లేదు. తేనె, ఉల్లిరసం లాంటివి కంట్లో వేయకండి, ఉన్న కన్నుకే ముప్పు. ఇక "బాగా ముదరనీ, అప్పుడు చేయిద్దాం" అన్నది పాతకాలపు మాట. ముదిరేకొద్దీ కటకం గట్టిపడి ఆపరేషనే కష్టమవుతుంది. మసకబారిన కటకం తీసి కృత్రిమ కటకం అమరుస్తారు. లండన్‌లో 1949లో మొదలైన పద్ధతి ఇది. అత్తగారికి బియ్యంలో రాళ్ళు కనబడటం లేదంటే "వయసు కదా" అని ఊరుకోక కంటి డాక్టరుకి చూపించండి. చక్కెర జబ్బు ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి సుమా, అది అదుపులోకి వచ్చాకే ఆపరేషన్ అంటారు.