మాటల లోతు: ‘హోలిస్టిక్’

అంధులు ఏనుగును తడిమిన కథ ఎరుగనివారు అరుదు. కాలు పట్టినవానికి అది స్తంభం, చెవి పట్టినవానికి చేట, తోక పట్టినవానికి తాడు. వారందరి మాటలనూ ఒక్కటీ విడువక కాగితంపై వ్రాసినా, ఆ కాగితం మీద ఏనుగు నిలువదు. స్తంభాలు, చేటలు, తాడు ఉంటాయి. నడిచే జంతువు ఉండదు. ఆంగ్లంలో ‘కాంప్రిహెన్సివ్’, ‘హోలిస్టిక్’ అనే రెండు విశేషణాలకు గల భేదం సరిగా ఇదే. మొదటిది అన్నింటినీ చేర్చుతుంది. రెండవది, చేరినవి ఒకదానితో ఒకటి ఎట్లు ముడిపడి ఉన్నవో చూస్తుంది. కనుక ‘హోలిస్టిక్ జాబితా’ అనడం పొసగదు; ‘హోలిస్టిక్ దృష్టి’ అనవచ్చు.

పదం ప్రాచీనమైనది కాదు. దక్షిణాఫ్రికా నాయకుడు జనరల్ స్మట్స్ 1926లో ప్రకటించిన ‘హోలిజం అండ్ ఎవల్యూషన్’ గ్రంథంతో ఇది లోకానికి పరిచయమైంది. గాంధీజీ సత్యాగ్రహాన్ని ఎదుర్కొన్న స్మట్స్ ఈయనే. గాంధీజీ స్వయంగా కుట్టిన చెప్పులను కానుకగా పొందినవాడూ ఈయనే. అంశాలను విడదీసి చూస్తే సమష్టి అర్థం కాదని గ్రంథం వ్రాసిన ఆ మేధావి, తన దేశంలో మనుషులను రంగునుబట్టి విడదీయడాన్ని మాత్రం సమర్థించాడు!

మూలధాతువు గ్రీకు ‘హోలోస్’. మన ‘సర్వ’ శబ్దం దీనికి తోబుట్టువే. సంస్కృత ‘సప్త’ గ్రీకులో ‘హెప్త’ అయినట్లే, ఇక్కడా సకారం హకారమైంది. పూర్తి అనే అర్థంగల ఆంగ్ల ‘హోల్’తో మాత్రం దీనికి చుట్టరికం లేదు. ఆ భ్రమతోనే కొందరు మొదట ‘డబ్ల్యూ’ చేర్చి వ్రాస్తారు. అది మానడం మేలు.

వైద్యరంగంలో ఈ పదానికి జరిగిన అపచారం ఎక్కువ. తలనొప్పితో వచ్చిన రోగిని నిద్ర, వృత్తి, కంటిచూపు, ఇంటి చింతల గురించి కూడా విచారించే వైద్యునిది హోలిస్టిక్ దృష్టి. అవసరమైన మాత్ర కూడా అందులో భాగమే. కాని అంగడిలో ఈ మాటకు ‘మందులు లేని చికిత్స’ అనే అర్థం అంటగట్టారు. తైలాలకూ, పొడులకూ ఇదే చీటీ అంటిస్తున్నారు. ఆ చీటీని నమ్మి మధుమేహానికో రక్తపోటుకో వాడే మందు మానేసిన రోగికి, మాట పొరపాటు ప్రాణం మీదికి వస్తుంది.

తెలుగులో ‘సమగ్ర’ అనడం పరిపాటి. 2020 నాటి జాతీయ విద్యావిధానం పుణ్యమా అని ఆ వాడుక బడులకూ ఎక్కింది. అయితే ‘సమగ్ర నిఘంటువు’ అన్నప్పుడు అర్థం ‘కాంప్రిహెన్సివ్’ మాత్రమే. ఒక్క మాటే రెండింటి బరువూ మోస్తున్నది గనుక, అనువాదకుడు పక్కన ‘దృష్టి’ అనో ‘అవగాహన’ అనో చేర్చక తప్పదు.