నలభైకి ఇరవై ఐదు కలిపితే నాలుగు వేలా?

గత నెల పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి ల్యాబ్ గుమ్మంలోనే నన్ను ఆపారు. "మా వాడి కంప్యూటర్ రికార్డులో రెండు పేజీల నిండా తప్పు జవాబులే. పూర్తి మార్కులు ఎలా వేశారు సార్?" అడగాల్సిన ప్రశ్నే. అక్కడ టైం చాలలేదు, ఇక్కడ చెబుతాను.

ఆ ఎనిమిదో తరగతి అబ్బాయిది బుక్కరాయసముద్రం. ఇంట్లో శెనక్కాయ మూటలు లెక్కపెట్టడానికి జావాస్క్రిప్ట్‌తో చిన్న పేజీ చేశాడు. ఒక పెట్టెలో 40, ఇంకో పెట్టెలో 25 కొడితే మొత్తం 4025 అని వచ్చింది. "ఈ కరువు నేలలో నాలుగు వేల మూటలు ఎవురు చూసినార్రా!" అని వాళ్ళవ్వ నవ్విందట.

విచిత్రం ఏమిటంటే, తీసివేస్తే 15 సరిగ్గానే వచ్చింది. గుణిస్తే 1000, అదీ సరైనదే. కూడిక ఒక్కటే తేడా. పెట్టెలో మనం అంకెలు కొట్టినా బ్రౌజర్ వాటిని అక్షరాలుగానే, అంటే స్ట్రింగ్‌గానే అందిస్తుంది. తీసివేతకు, గుణకారానికి వేరే అర్థం లేదు కాబట్టి జావాస్క్రిప్ట్ వాటిని సంఖ్యలుగా మార్చుకుంటుంది. + గుర్తుకు మాత్రం రెండు పనులు. రెండూ సంఖ్యలైతే కూడుతుంది, ఒక పక్క స్ట్రింగ్ ఉన్నా అతికిస్తుంది.

వాడు నంబర్ ఫంక్షన్‌తో రెండింటినీ సంఖ్యలుగా మార్చాడు. అయినా "మొత్తం: " + 40 + 25 అని రాస్తే మళ్ళీ 4025! లెక్క ఎడమ నుంచి మొదలవుతుంది గదా. ముందు మాటకు 40 అతుక్కుంది, దాని తోకకు 25. (40 + 25) అని బ్రాకెట్ పెట్టగానే 65. అక్కడే గుణకారం ఉంటే బ్రాకెట్ అక్కర్లేదు, దాని ప్రాధాన్యం ఎక్కువ. మనం బట్టీ పట్టిన బాడ్‌మాసే.

పెద్దలూ ఇక్కడ తడబడ్డారు. పీహెచ్‌పీలో అతికించడానికి చుక్క, కూడడానికి + అని వేరు చేశారు గానీ రెండింటికీ ఒకే ప్రాధాన్యం ఇచ్చారు. ఇదే వాక్యాన్ని అక్కడ మాట తర్వాత చుక్క పెట్టి రాస్తే 65 కాదు, 4025 కూడా కాదు, ఉత్త 25 వచ్చేది. 2020 నవంబరులో వచ్చిన 8వ వెర్షన్‌లో గానీ + ను పై మెట్టు ఎక్కించలేదు.

మా అబ్బాయి తప్పులు చెరపలేదు. ఎక్కడ అతుక్కుందో అంచెలంచెలుగా రికార్డులో రాశాడు. మార్కులు దానికి. సరైన అవుట్‌పుట్ వచ్చిన రికార్డులు నా దగ్గర బోలెడున్నాయి, వాటిలో పక్కవాడివి చూసి ఎక్కించినవీ ఉన్నాయి. తొందరలో మేమూ జవాబు చూసి టిక్కు పెట్టేస్తుంటాం, ఒప్పుకుంటాను. మీరు కట్టే ఫీజుకు తప్పుల్లేని ప్రింటవుట్ చూపించడం మాకు చాలా తేలిక.

ఆ పేజీ ల్యాబ్‌లోనే ఉంది. ఈసారి వచ్చినప్పుడు మొదటి పెట్టెలో 40 కొట్టి, రెండోది ఖాళీగా వదిలి చూడండి. ఏమొస్తుందో వాడు ముందే కాగితం మీద రాసి పెట్టాడు.