చదువుకొను పిల్లలపై మోపిన నింద

మన తెలుగు సంఘముల వార్షిక సభలలో ఏటేట తప్పక వినవచ్చు మాట యొకటి గలదు. "పిల్లలు కళాశాల మెట్లెక్కినంతనే తెలుగు మరచుచున్నారు, వారికి మాతృభాషాభిమానము లేదు" అని వక్తలు వాపోవుదురు, సభ్యులు తలలూపుదురు, పిదప ఆ పిల్లలు వడ్డించిన భోజనము చేసి ఇండ్లకు పోవుదురు. ఇరువది యేండ్లుగా నేనీ మాట వినుచున్నాను. కొన్ని పర్యాయములు నేనును తలయూపితిని. ఇకమీద ఊపజాలను. ఈ నింద అన్యాయమైనదని నా దృఢాభిప్రాయము. పెద్దలు కోపగింపక నా మాట చిత్తగింతురు గాక.

కళాశాల విద్యార్థి దినచర్యలో మహానిర్ణయము లేవియు నుండవు. అన్నియు చిన్నవే. పదునొకండవ తరగతిలో చేరునప్పుడు రెండవ భాషగా దేనిని ఎన్నుకొనవలెను? మహారాష్ట్ర బోర్డు వారి పన్నెండవ తరగతి పరీక్షలలో తెలుగునకును ఒక పేపరు గలదు. కాని దానిని బోధించు వారెవరు? భాషకు బదులు ఐ.టి. తీసికొనవచ్చును, మార్కులు సులభముగా వచ్చునని తోడివారు చెప్పుదురు. నీట్ పరీక్షకై రాత్రింబవళ్లు చదువు పిల్ల ఐ.టి.యే తీసికొనును. దానికి ఆమెను నిందించుట, మిట్టమధ్యాహ్నము నడచువానిని నీడకేల పోయితివని నిందించుట వంటిది.

క్యాంటీనులో నలుగురు స్నేహితులతో కూర్చుండగా ఇంటినుండి అమ్మ ఫోను చేయును. తెలుగున పలుకవలెనా, మరాఠీలో పలుకవలెనా, లేచి అవతలికి పోవలెనా? నాయనమ్మకు సందేశము పంపవలెనన్న తెలుగు లిపి రాదు; ఇంగ్లీషు అక్షరములతో కూర్చి పంపవలెనా, మానివేయవలెనా? ఇట్టివే వారి నిర్ణయములు. హాజరు పట్టీలో తమ పేరు చివరనున్న "వార్" అనునది మన "వారు" అను గౌరవ పదమే యని మన పిల్లలలో ఎందరికి తెలియును? మరాఠీ నోట "వారు" "వార్" ఐనది. ప్రతి దినము అధ్యాపకుడు ఒక తెలుగు మాటతో పిలుచుచుండగా ఆ పిల్లవాడు దానిని మరాఠీ పేరని తలచి లేచి నిలుచుచున్నాడు. చెప్పవలసిన వారము మనము. చెప్పితిమా?

అసలు సంగతి ఇంతకన్న కటువైనది. మన పిల్లలు తెలుగు మాటలాడుట మానుటకు ముఖ్య కారణము మన నవ్వు. మా మనుమరాలు "ఉశీర్ అయింది నాయనమ్మా, పోయొస్తా" అనును. ఉశీర్ అనగా మరాఠీలో ఆలస్యము. పెండ్లికి వచ్చిన హైదరాబాదు బంధువులు ఈ మాట విని పకపక నవ్విరి, "మీది తెలుగా, మరాఠీయా?" అని అడిగిరి. ఆ నవ్విన వారిలో ఒకరు అరగంట ముందే "బస్సు లేటయింది" అని చెప్పియుండిరి. లేటు అన్నచో తెలుగట, ఉశీర్ అన్నచో కాదట! ఆనాడు మేము పెద్దలమును వారితో కలిసి నవ్వితిమి. ఆ పిల్ల తరువాత మూడు దినములు బంధువుల యెదుట నోరు విప్పలేదు. ఇది మాతృభాషాభిమానము లేకపోవుట యగునా?

దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ ప్రాంతములనుండి నాందేడునకు వచ్చి గదులు అద్దెకు తీసికొని చదువుకొను తెలుగు పిల్లల మాటయు ఇట్టిదే. అది చెడిన తెలుగు కాదు, ఎల్లల నడుమ బ్రతికిన తెలుగు. బాసర యున్న ముధోలు తాలూకా 1956 నవంబరు 1 వరకు నాందేడు జిల్లాలోనిది. కిన్వట్ తాలూకా ఆనాటి వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది. గీత అటునిటు జరిగినది గాని మనుష్యులు కదలలేదు. మన గోదావరియే బాసరకు పోవుచున్నది.

నవ్వునకు గల శక్తి యెంతటిదో మన పూర్వులకు తెలియును. 1921 నవంబరులో హైదరాబాదునందు జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేచిరి. మరాఠీ, ఉర్దూ ప్రసంగములను శ్రద్ధగా వినిన సభ ఆయనను గేలిచేసి మాటలాడనీయదయ్యెను. ఆ అవమానమునుండియే ఆంధ్రజన సంఘము పుట్టినది. అదియే తరువాత ఆంధ్ర మహాసభ యైనది. పరులు నవ్విన మన వారు సంఘము పెట్టిరి. అయినవారే నవ్విన పసివారు ఏమి పెట్టగలరు? మౌనము వహింతురు, అంతే.

మరాఠీ చదువు వలననే తెలుగు నశించుచున్నదని కొందరందురు. ఈ వాదమును నేను అంగీకరింపను. మరాఠీ మనకు అన్నము పెట్టిన భాష. నేను ఉద్యోగ జీవితమంతయు దానిలోనే ఫైళ్లు వ్రాసితిని. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియానుండి వెడలగొట్టబడిన విద్యార్థులకు నాగపూరు విశ్వవిద్యాలయము ఆశ్రయమిచ్చెను. వారిలో నొకరగు పాములపర్తి వేంకట నరసింహారావుగారు మరాఠీని ఎంత చక్కగా నేర్చిరనగా, హరి నారాయణ ఆప్టే నవలను "అబలా జీవితము" అను పేర తెలుగు చేసిరి. విశ్వనాథవారి "వేయిపడగలు"ను హిందీలోనికి తీసికొనిపోయిరి. ఆయన గురువుగా భావించిన స్వామి రామానంద తీర్థ పేరనే నేడు మన నాందేడు విశ్వవిద్యాలయము వెలసియున్నది. ఒక భాష వచ్చి మరియొక భాషను వెళ్లగొట్టదు. వెళ్లగొట్టువారము మనము.

నేనెట్లు వెళ్లగొట్టితినో చెప్పెదను. 1988లో మా అబ్బాయిని బడిలో చేర్చునప్పుడు దరఖాస్తులో "మాతృభాష" అను గడి యుండెను. తెలుగు అని వ్రాసిన నేమి ప్రశ్నలు వచ్చునో యని "మరాఠీ" అని వ్రాసితిని. ఎవ్వరును నన్ను నిర్బంధింపలేదు. 2011 జనగణనకు వచ్చినామె నాతో మరాఠీలో మాటలాడి, అడుగకయే ఆ గడి నింపుకొనెను. నేను చూచుచునే యుంటిని, దిద్దుమనలేదు. గడులు నింపుటయే వృత్తిగా బ్రతికినవాడను. ఒక గడి విలువ నాకు తెలియకపోలేదు. 2001 లెక్కలలో తెలుగు దేశమున మూడవది, మరాఠీ నాల్గవది. 2011లో మరాఠీ 8 కోట్ల 30 లక్షలతో మూడవ స్థానమునకు వచ్చెను. తెలుగు 8 కోట్ల 11 లక్షలతో నాల్గవది యయ్యెను. జనాభా పెరుగుదలయే దీనికి ప్రధాన హేతువు కావచ్చును. అయినను ఆ లెక్కలో మా యింటి తలలు ఏ వరుసలోనికి పోయినవో నేనెరుగుదును.

గడచిన వేసవిలో మా మనుమరాలు కళాశాల దరఖాస్తును ఫోనులోనే నింపుచు, "తాతా, మాతృభాష జాబితాలో తెలుగు ఉంది, పెట్టనా?" అని యడిగెను. "పెట్టమ్మా" అంటిని. ఆమె పెట్టి తరువాతి గడికి పోయెను. ముప్పదియేడేండ్ల నాడు నాకు భారమైన పని ఆమెకు అరనిమిషము పట్టలేదు.

ఇట్టి పిల్లలను అభిమానహీనులని వేదికనెక్కి దూషించు మనము చేయుచున్నదేమి? క్రిందటి ఉగాదికి మా యింటికి వచ్చిన ఆహ్వాన పత్రిక మరాఠీలో నుండెను. అధ్యక్షోపన్యాసము హిందీలో సాగెను. తెలుగు పద్యము చదువబోయిన బాలుడు "ళ"కారము సరిగా పలుకలేదని వెనుక వరుసలో నవ్విరి.

కార్యవర్గమునకు నా విన్నపములు మూడు. రాబోవు ఉగాది ఆహ్వానము మరాఠీతోపాటు తెలుగునను అచ్చువేయుడు. సభలో మొదటి గంట కళాశాల పిల్లలకే యిచ్చి, వారికి వచ్చిన తెలుగున, ఉశీర్‌తో సహా, మాటలాడనిండు. ఆ గంటసేపు ఎవరైన నవ్వినచో, వారెంత పెద్దవారైనను బయటికి పంపుడు. తలుపు వద్ద నిలుచుటకు నేను సిద్ధముగా నున్నాను.