‘వేడి చేసింది’ అనుకుని ఊరుకుంటే...

మూత్రానికి వెళ్తే మంట. ‘వేడి చేసిందిలే’ అనుకుని బార్లీ నీళ్లో, సబ్జా గింజలో తాగి ఊరుకోవడం చాలా ఇళ్లలో మామూలే. అప్పటికీ తగ్గకపోతే మందుల షాపులో అడిగి ఓ సిరప్పు, నాలుగు యాంటీబయోటిక్ మాత్రలు తెచ్చుకుంటారు. మధుమేహం ఉన్న ఆడవాళ్లు ఇలా చేస్తే ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

ఈ ఇన్‌ఫెక్షన్‌కు ఎక్కువగా కారణం పేగుల్లో ఉండే ఈ-కొలై బ్యాక్టీరియా. స్త్రీలలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. అందుకే అది తేలిగ్గా మూత్రాశయంలోకి చేరిపోతుంది. షుగరు అదుపులో లేకపోతే రోగనిరోధక శక్తి తగ్గుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మూత్రాశయ నరాలు మొద్దుబారి, వెళ్లొచ్చినా మూత్రం పూర్తిగా ఖాళీ కాదు. లోపల నిలిచిపోయిన మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుంది. బయట శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదని నీళ్లు తాగడం మానేసేవాళ్లకు ముప్పు మరింత ఎక్కువ. ఆ తప్పు వాళ్లది కాదనుకోండి!

యాంటీబయోటిక్ మొదలుపెట్టక ముందే మూత్రాన్ని కల్చర్ పరీక్షకు ఇవ్వాలి. మొదటి ధార వదిలేసి, మధ్యలో వచ్చేదాన్ని ల్యాబు వాళ్లిచ్చిన డబ్బాలో పట్టాలి. ఏ మందు పనిచేస్తుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. ఈలోగా డాక్టర్ ఒక మందు మొదలుపెట్టి, ఫలితాన్ని బట్టి అవసరమైతే మారుస్తారు.

ఇంట్లో మిగిలిన సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకుంటే సరిపోదా? మన దేశంలో ఈ-కొలై చాలావరకు దానికి లొంగడం లేదు. పైగా గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు వాడేవారిలో ఈ మందు చక్కెరను ఒక్కసారిగా పడగొట్టొచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, స్పృహ తప్పే ప్రమాదం ఉంది. కోట్రైమోక్సజోల్‌తోనూ ఇదే భయం. మూత్రాశయం వరకే ఉన్న ఇన్‌ఫెక్షన్‌కు నైట్రోఫ్యురాంటాయిన్ బాగా పనిచేస్తుంది కానీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఇవ్వరు. అందుకే వాడుతున్న షుగరు మాత్రల చీటీ, క్రియాటినిన్ రిపోర్టు రెండూ డాక్టరుకు చూపించాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారికి జననాంగాల దగ్గర దురద, తెల్లబట్ట రావచ్చు. ఈ మాత్రలు చక్కెరను మూత్రంతో బయటికి పంపుతాయి కాబట్టి అక్కడ ఫంగస్ పెరుగుతుంది. దానికి యాంటీబయోటిక్ వాడితే తగ్గదు సరికదా, పెరుగుతుంది.

మంట, నొప్పి ఏమీ లేకుండా రిపోర్టులో మాత్రం బ్యాక్టీరియా కనిపిస్తే? గర్భిణులకైతే చికిత్స తప్పనిసరి. మిగతావారికి సాధారణంగా అక్కర్లేదు. మధుమేహ స్త్రీలపై జరిగిన ఓ అధ్యయనం 2002లోనే ఈ మాట తేల్చింది. అయినా రిపోర్టు చూసి మందు రాయించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి పాకిందేమోనని అనుమానించాలి. మధుమేహుల్లో అరుదుగా కిడ్నీలో గ్యాస్ చేరి, కణజాలమే కుళ్లిపోవచ్చు. తెల్లారాక చూద్దామనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నెలసరి ఆగిపోయాక పదేపదే వస్తుంటే యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీము ఉపయోగపడుతుంది. గైనకాలజిస్టును అడగడానికి మొహమాటపడక్కర్లేదు.