కుక్కపిల్లకు కంచె: బందెలదొడ్డి కారాదు

కుక్కపిల్ల ఇంట్లో అడుగుపెట్టిన వారం తిరగకముందే ఇంటివారికి ఒక సంగతి బోధపడుతుంది: దాని నోటికి అందని వస్తువు ఇంట్లో చాలా తక్కువ. గుమ్మం దగ్గరి చెప్పులు, మందుబిళ్లల అట్ట, టేబుల్ ఫ్యాన్ తీగ, పిల్లల పెన్సిలు ముక్క, అన్నింటినీ అది కొరికి చూడవలసిందే. చెప్పులు పోతే నష్టం రూపాయలతో తీరుతుంది. కరెంటు తీగ, మందుబిళ్ల మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి.

ఈ చిక్కుకు చాలా ఇళ్లలో తరతరాలుగా ఉన్న పరిష్కారం గొలుసు. వరండా గ్రిల్లుకో, పెరటి చెట్టుకో పిల్లను కట్టివేసేవారు. నగరాలలో పెరళ్లు తగ్గి అపార్టుమెంట్లు పెరిగిన తరువాత మడతపెట్టే కంచెలు దుకాణాలలోకి వచ్చాయి. అమ్మేవారు వీటిని ప్లేపెన్ అంటారు. నాలుగు వైపులా పలకలు, పైన ఆచ్ఛాదన లేని ఆవరణ, ఒక పక్క చిన్న తలుపు, ఇంతే దాని స్వరూపం. కొనేవారు సాధారణంగా ఎత్తు ఎంత, ధర ఎంత అని అడుగుతారు. అంతకు ముందే అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. అది ఇంటిలో ఎక్కడ ఉంటుంది?

పూర్వం పరుల చేలో పడిన పశువును బందెలదొడ్డికి తోలేవారు. అది శిక్ష. కుక్కపిల్లకు వేసే కంచె శిక్ష కాదు, రక్షణ. మనుషుల మధ్య ఉన్నంతవరకే అది రక్షణగా ఉంటుంది. మేడ మీదికో, వెనుక సందులోకో చేరిన నాడు అదే బందెలదొడ్డి అవుతుంది.

చేజారనీయరాని నాలుగు వారాలు

ఈ మాటకు ఆధారం అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ పట్టణంలోని జాక్సన్ పరిశోధనశాలలో లభించింది. అక్కడ జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు కుక్కల ప్రవర్తనను ఏళ్ల తరబడి పరిశీలించి, 1965లో ఒక గ్రంథం ప్రకటించారు. పుట్టిన 3వ వారం నుండి సుమారు 12వ వారం వరకు కుక్కపిల్ల తన లోకంలో ఎవరు ఆత్మీయులో, దేనికి భయపడనక్కరలేదో నేర్చుకుంటుందని వారు తేల్చారు.

1961లో ప్రకటితమైన మరొక ప్రయోగం ఇంకా స్పష్టమైనది. కొన్ని పిల్లలను ఎత్తైన కంచెలు గల విశాలమైన ఆవరణలలో, మనుషుల సాంగత్యం లేకుండా పెంచారు. వాటికి చోటుకు లోటు లేదు, తిండికి లోటు లేదు. తల్లి, తోబుట్టువులు దగ్గరే ఉన్నాయి. అయినప్పటికీ 14వ వారం వరకు మనిషి చేయి సోకని పిల్లలు అడవి జంతువులవలె బెదురుతూ, మచ్చికకు లొంగకుండా పోయాయి. అంతకుముందే కొద్ది రోజులు మనుషులతో గడిపిన పిల్లలు చాలావరకు మచ్చికైనాయి. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత కుక్కల విషయంలో వారాల లెక్కతో సహా రుజువైనట్లే.

మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను పెంపకందారులు అమ్మరాదు. తల్లి వద్ద ఆ మాత్రం కాలం గడపడం పిల్లకు మేలే. అయితే 12 వారాలలో 8 తీసివేస్తే కొత్త ఇంటివారికి మిగిలేవి 4 వారాలే. సరిగా ఆ నాలుగు వారాలలోనే మరొక అపాయం పొంచి ఉంటుంది.

అది పార్వో వ్యాధి. 1978 ప్రాంతంలో బయటపడి, రెండేళ్లు తిరగకుండా ప్రపంచమంతటా పాకిన వైరస్ దీనికి కారణం. వాంతులు, రక్తవిరేచనాలతో చికిత్స అందని పిల్లలు కొద్ది రోజులలోనే చనిపోతాయి. రోగి మలంతో కలుషితమైన నేలలో ఈ వైరస్ నెలల తరబడి జీవించగలదు. తల్లి నుండి సంక్రమించిన రక్షక పదార్థాలు పిల్ల శరీరంలో ఉన్నంతకాలం టీకా పూర్తిగా పనిచేయకపోవచ్చు. అందువల్లనే పశువైద్యులు 6 నుండి 8 వారాల వయస్సులో మొదలుపెట్టి, 2 నుండి 4 వారాల ఎడంతో, 16 వారాలు నిండేవరకు టీకాలు వేస్తారు. అంతవరకు వీధి కుక్కలు తిరిగే చోట పిల్లను నేల మీద నడిపించడం క్షేమం కాదు.

ఒకవైపు పిల్ల లోకాన్ని చూడాలి. మరొకవైపు వీధి నేలకు దూరంగా ఉండాలి. ఈ రెండు అవసరాలకు సంధి కుదిర్చేదే ఇంటి నడుమ ఉన్న కంచె. హాలులో ఒక మూల ఉన్న కంచెలోంచి పిల్ల కుక్కరు కూతను, తలుపు గంటను, పాలవాడి రాకను, పిల్లల కేరింతలను, గొడుగు విప్పే చప్పుడును భయం లేకుండా పరిచయం చేసుకుంటుంది. చెప్పులు గుమ్మం బయటనే విడవడమనే మన ఆచారం ఇక్కడ మరింత అక్కరకు వస్తుంది. పార్వో వైరస్ చెప్పుల మట్టితోనూ ఇంటిలోకి రాగలదు.

అడుగుల లెక్క

కంచెలో నాలుగు పనులకు చోటు ఉండాలి: పడక, నీళ్ల గిన్నె, ఆటస్థలం, ఒక చివర మూత్రానికి పరచిన పాత దినపత్రిక. కుక్క తన పడకను తాను పాడుచేసుకోవడానికి సహజంగా ఇష్టపడదు. చోటు మరీ ఇరుకైతే ఆ సహజగుణమే చెడిపోతుంది.

దుకాణంలో దొరికే కంచెలు చాలావరకు 2 అడుగుల వెడల్పు గల 8 పలకలతో వస్తాయి. వాటిని ఎలా నిలబెడతామన్న దానిమీద స్థలం మారిపోతుంది. పొడవుగా 6 అడుగులు, వెడల్పు 2 అడుగులుగా నిలిపితే లోపల దొరికేది 12 చదరపు అడుగులు. నాలుగు పక్కలా 4 అడుగుల చదరంగా నిలిపితే 16. ఎనిమిది కోణాల ఆకారంలో అయితే 19 చదరపు అడుగుల పైచిలుకు. గోడనే ఒక పక్కగా చేసుకొని, ఎదుట 8 అడుగులు, ఇరుపక్కల 4 అడుగుల చొప్పున అమరిస్తే 32 వస్తుంది. రెండు గోడలు కలిసే మూలను వాడుకొని మిగిలిన రెండు వైపులా 8 అడుగుల చొప్పున నిలిపితే 64 చదరపు అడుగులు! పలకలు అవే, ఖర్చు అదే. అయితే గోడకు ఆనే అంచులను కొక్కేలతో బిగించకపోతే పిల్ల తోసుకొని బయటపడుతుంది. గోడకు ఆ చోట ప్లగ్గు పాయింటు ఉండరాదు.

కొనడమే మార్గం కాదు. వంటింటి గుమ్మానికి, వరండా గుమ్మానికి అడ్డంగా వడ్రంగి చేత ఒక చిన్న తలుపు చేయించుకొన్నా ఆ గది భాగమే కంచె అవుతుంది. మధ్యతరగతి ఇంటికి ఇది చవుకైన ఉపాయం.

ఎత్తు, సందు

కుక్కపిల్ల ఈనాటి ఎత్తును చూసి కంచె కొనేవారు నాలుగు నెలలకే మరొకటి కొనవలసి వస్తుంది. పొమరేనియన్, డాష్‌హుండ్ వంటి చిన్నజాతులకు 2 అడుగులు చాలు. లాబ్రడార్‌కు 3 అడుగులు అవసరం. కర్ణాటకలోని ముధోల్ వేటకుక్క, తెలుగు రాజుల కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన తమిళనాడులోని రాజపాళయం పేర ప్రసిద్ధమైన తెల్లని కుక్క సంగతి వేరు. 2005లో తపాలా శాఖ స్వదేశీ శునకాలపై వెలువరించిన బిళ్లలలో ఈ రెండింటికీ చోటు దక్కింది. ఇవి పరుగుకు, దూకుడుకు పుట్టినవి. వీటికి 4 అడుగుల కంచె కూడా కొద్ది నెలలే ఆగుతుంది. ఏ జాతికైనా కంచె పక్కన స్టూలు, పెట్టె, సోఫా ఉంచరాదు. అవి మెట్లుగా పనికివస్తాయి.

ఎత్తుకంటె ప్రమాదకరమైనది సందు. తల దూరి, ఒళ్లు దూరని సందు ఉరితో సమానం. మూడు వేళ్లు పక్కపక్కన చేర్చి దూర్చగలిగినంత సందు ఉంటే చిన్నజాతి పిల్లకు అది తగదు. పలకలు కలిసే కీళ్ల వద్ద కాలిగోళ్లు చిక్కుకొనే ఖాళీలు ఉన్నాయేమో చేతితో తడిమి చూడవలెను. లోపల ఉన్నంతసేపు మెడపట్టీ తీసివేయడం మంచిది. చువ్వకు తగులుకొన్న పట్టీ పిల్లను ఊపిరాడకుండా చేయగలదు.

కంచే చేను మేస్తే

కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. సుమారు నాలుగవ నెల నుండి అవి రాలి, ఏడవ నెలకు 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఈ కాలంలో చిగుళ్ల సలుపు కారణంగా అది కంచెనే కొరుకుతుంది. గుడ్డ జాలీతో కుట్టినవి తేలికగా, అందంగా ఉంటాయి గాని పళ్లకు ఆగవు. ప్లాస్టిక్కు పలకలు బరువు తక్కువ. పెద్దజాతి పిల్ల వాటిని నెట్టుకొని పోతుంది. కర్ర మూత్రాన్ని పీల్చుకొని వాసన పడుతుంది. పూత గట్టిగా ఉన్న ఇనుప చువ్వల కంచె ఎక్కువ మందికి అనుకూలం.

వెల్డింగు దుకాణంలో చేయించుకొనేవారు అతుకుల వద్ద మొనలు లేకుండా అరగదీయించవలెను. పాత కిటికీ గ్రిల్లులను కంచెగా మార్చే ముందు ఒక్క క్షణం ఆగాలి. మన దేశంలో గృహోపయోగ రంగులలో సీసం పరిమాణాన్ని 90 పీపీఎంకు, అనగా పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు, పరిమితం చేసే నిబంధనలు 2016లో వెలువడి 2017లో అమలుకు వచ్చాయి. అంతకు మునుపటి రంగులో సీసం అధికంగా ఉండవచ్చు. దానిని కొరికి మింగిన పిల్లకు అది విషం. తగరపు మెరుపుతో కనిపించే జింకు పూత పెచ్చులుగా ఊడుతున్నా అంతే ముప్పు.

నీడ, గాలి, నేల

కుక్క మనిషివలె ఒళ్లంతా చెమటోడ్చి చల్లబడలేదు. ప్రధానంగా నాలుక చాచి వగర్చడమే దాని ఉపాయం. ఏప్రిల్, మే నెలలలో డాబా మీద, రేకుల కింద, మధ్యాహ్నం ఎండ తగిలే బాల్కనీలో కంచె వేయడం చేజేతులా వడదెబ్బ తెచ్చిపెట్టడమే. పగ్ వంటి చప్పిడి ముఖపు జాతులకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఉదయం నీడ ఉన్న చోట మధ్యాహ్నం ఎండ పడవచ్చు కనుక రోజంతా గమనించి స్థలం నిర్ణయించవలెను. నీళ్ల గిన్నె బోర్లపడనంత బరువైనదై ఉండాలి.

నునుపైన పలకల నేల మీద పిల్ల కాళ్లు జారతాయి. గోనెపట్టాయో, రబ్బరు చాపో పరచాలి. తీగల జాలీ నేల అరికాళ్లను గాయపరుస్తుంది. నేలను శుభ్రపరచడానికి ఫినాయిలు వాడి, అది ఆరకముందే పిల్లను వదలరాదు. పాదాలకు అంటిన మందును అది నాకుతుంది. మలినాన్ని ముందుగా కడిగి, ఒక పాలు బ్లీచి ద్రావణానికి 30 పాళ్లు నీరు కలిపి తుడిచి, పది నిమిషాల తరువాత మంచినీళ్లతో కడిగితే పార్వో వైరస్ సైతం నశిస్తుంది.

కింది అంతస్తులో, పెరటిలో కంచె వేసేవారికి మరొక హెచ్చరిక. వీధి కుక్క కంచె సందులోంచి ముట్టె తాకించగలదు. రేబిస్ టీకా సాధారణంగా మూడవ నెలలో గాని వేయరు. కాబట్టి ఆరుబయట కంచెకు ఎడంగా రెండవ అడ్డు ఉండాలి. కుక్కపిల్లే గదా అని దాని కాటును, గీరును తేలికగా తీసుకోరాదు. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వైద్యుని చూడవలెను.

అలవాటు చేసే విధం

కంచె తెచ్చిన రోజునే పిల్లను లోపల వేసి తలుపు మూయడం పొరపాటు. మొదట తలుపు తెరచి ఉంచి, అన్నం లోపల పెట్టాలి. తిని బయటికి రావడానికి అడ్డు ఉండరాదు. మరునాడు తినే సమయంలో మాత్రం తలుపు వేసి, అది తిన్న వెంటనే తెరవాలి. క్రమంగా ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట. ఇంటివారు అదే గదిలో ఉండటం ముఖ్యం. అల్లరి చేసినందుకు కోపంతో కంచెలో పడవేస్తే, ఆ చోటు మీద దానికి ఏర్పడిన నమ్మకం ఒక్క రోజులో పోతుంది.

రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. ఉదయం 9 గంటలకు వెళ్లి సాయంత్రం 6 గంటలకు తిరిగివచ్చే దంపతులకు ఎంత ఖరీదైన కంచె కొన్నా ఈ చిక్కు తీరదు. మధ్యాహ్నం వచ్చి చూసే మనిషి లేని ఇంట కుక్కపిల్లను తెచ్చుకోకపోవడమే దానికి చేసే ఉపకారం.

చట్టం కూడా ఈ మాటే చెబుతున్నది. రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం, 11వ సెక్షనులో, కదలడానికి తగిన చోటు లేని పంజరంలో జంతువును ఉంచడాన్ని నేరంగా పేర్కొన్నది. నిత్యం గొలుసుతో కట్టివేసిన, ఇరుకున బంధించిన కుక్కకు తగిన వ్యాయామం కల్పించని యజమాని సైతం అదే సెక్షను కింద దోషి.

టీకాలు పూర్తై, పళ్లు కుదురుకొని, ఏది కొరకవచ్చునో ఏది కూడదో తెలిసిన కుక్కకు కంచె అవసరం తగ్గిపోతుంది. తలుపు తెరచి ఉన్నా మధ్యాహ్నం కునుకు తీయడానికి అది తనంతట తానే లోపలికి వెళుతున్నదంటే ఇంటివారు సరైన కంచెను, సరైన చోట వేసినట్లు. ఇక పలకలు మడిచి అటక మీద పెట్టవచ్చు.